వేసవి శిబిరంలో పనికి చేరాలి, మూడింటిలో ఏది ఎంచుకోవాలి?

మీరు శ్రీకాకుళంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నానని, ఈ వేసవిలో పిల్లల శిబిరంలో పనిచేయాలని ఉందని, మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చిందని రాశారు. ఒకటి విజయనగరంలో ఒక ప్రైవేటు పాఠశాల పొద్దున్నుంచి సాయంత్రం వరకు నడిపే శిబిరం. రెండోది కళింగపట్నం వైపు పిల్లలను పది రోజులు అక్కడే ఉంచుకునే శిబిరం. మూడోది మీ ఊళ్లోనే గ్రంథాలయంలో ఉదయం పూట జరిగే పఠన శిబిరం. మొదటిదానిలో డబ్బు ఎక్కువ, రెండోదాని మీద మీకు మనసు ఎక్కువ, మూడోదానిలో దారిఖర్చులు మాత్రమే ఇస్తారు. దేనిలో చేరితే మేలని అడిగారు.

నాది విజయనగరం. డిగ్రీ, బీఈడీ చదివే రోజుల్లో వేసవి వస్తే ఏదో ఒక శిబిరంలో ఉండేదాన్ని. ఇప్పుడు ఉపాధ్యాయురాలిని, శిబిరాలకు వాలంటీర్లను ఎంపిక చేసే పనిలోనూ సాయం చేస్తుంటాను. నా సలహా ఒక్కటే: శిబిరాన్ని దాని మధ్యాహ్నాన్ని బట్టి ఎంచుకోండి. పదకొండు నుంచి నాలుగు వరకు పిల్లలు ఎక్కడ ఉంటారు, ఏం చేస్తారు, వాళ్ల దగ్గర ఎవరుంటారు అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన చోట చేరండి. చెప్పలేని చోట ఎంత ఇస్తామన్నా వద్దు.

కరపత్రంలో అచ్చు వేసేవన్నీ ఉదయం, సాయంత్రం పనులే. యోగా, కరాటే, చిత్రలేఖనం, కోలాటం, ఈత. వాటికి శిక్షకులు వస్తారు, గంట సేపు నేర్పి వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లాక పిల్లలు మిగిలేది మీ చేతిలో. మే నెలలో మన వైపు పది దాటిందంటే మైదానం పనికిరాదు. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. థర్మామీటరు 36 డిగ్రీలే చూపిస్తున్నా పిల్లవాడి ముఖం కందిపోయి, చికాకుపడి, అన్నం వద్దని కూర్చునేది అందుకే. నడిపేవాళ్లకు పిల్లలంటే ఎంత పట్టింపో ఆ నాలుగైదు గంటల్లో తెలిసిపోతుంది.

నేను పనిచేసిన ఒక పట్టణ శిబిరంలో భోజనం కాగానే మూడు బృందాల పిల్లలనూ ఒకే రేకుల షెడ్డులోకి పంపేవారు. అక్కడ ఒక టీవీ, తిరిగీ తిరగని ఫ్యాన్లు, ఒక్క వాలంటీరు. మిగతా వాలంటీర్లను ఆఫీసు గదిలోకి పిలిచి ముగింపు సభకు రంగు కాగితాలు కత్తిరించమనేవారు. రెండున్నర అయ్యేసరికి ఎవరో ఒకరు కొట్టుకునేవారు. ఆ ఒక్క వాలంటీరూ గొడవపడే పిల్లల వెనకే తిరగాల్సి వచ్చేది, మూలన తల పట్టుకుని కూర్చున్న పిల్లను చూసే నాథుడు ఉండేవాడు కాదు. పైకి మాత్రం అది చాలా మంచి శిబిరం. ముగింపు సభకు వచ్చిన తల్లిదండ్రులంతా సంతోషంగా ఇంటికి వెళ్లారు.

మరో శిబిరం ఒక పల్లెలో పాత పెంకుటింటి బడిలో జరిగేది. చుట్టూ వరండా, ముందు రావిచెట్టు. నడిపేది ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారు. భోజనాలయ్యాక నేల తడిగుడ్డతో తుడిపించి చాపలు పరిపించేవారు. అరగంట ఎవరూ మాట్లాడకూడదు. నిద్రపోనక్కర్లేదు, నడుం వాలిస్తే చాలు. వంతు ప్రకారం ఇద్దరు మేలుకుని ఉంటే, మిగతా వాలంటీర్లు కూడా పడుకోవాల్సిందే. ఆ తర్వాత గవ్వలు, చింతపిక్కలు, వామన గుంటల పలకలు బయటికి వచ్చేవి. నేలమీద సుద్దతో పులిజూదం గీసేవారు. పొద్దున పరుగు పందెంలో ఎప్పుడూ చివరన మిగిలే ఒక అబ్బాయి మేకలు తీసుకుని, పెద్దపిల్లల పులులను ఒక్కొక్కటిగా కట్టేసేవాడు. మేకను జరిపాక వేలు దానిమీద నుంచి తీసేవాడు కాదు, పెదవులు కదుపుతూ ఎత్తులు లెక్కపెట్టుకుని అప్పుడు తీసేవాడు. కొన్నాళ్లకు వాడు ఆడుతుంటే చుట్టూ పిల్లలు మూగేవారు. మూడు గంటలకు ఉప్పు, అల్లం వేసిన పల్చని మజ్జిగ, ఒక్కోరోజు తాటిముంజలు. అక్కడ నాకు ముట్టింది చాలా తక్కువ. కానీ పిల్లలతో ఎలా మసలుకోవాలో నేర్చుకున్నది అక్కడే, ఈ రోజు తరగతి గదిలో నాకు పనికొస్తున్నదీ అదే.

కాబట్టి వీలైతే మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఆవరణకు వెళ్లి చూడండి. శిబిరం ఇంకా మొదలు కాకపోయినా సరే. ఆ వేళకు నీడ ఏ గదిలో ఉంటుందో, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో, కరెంటు పోతే గాలి ఎటునుంచి వస్తుందో, తాగునీళ్లు ఎంత దూరంలో ఉన్నాయో, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉందో లేదో మీ కంటితో తెలుస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు ఎక్కడ పెడతారని అడగండి. ఒక పొట్లం లీటరు నీళ్లలో కలపాలన్న సంగతి అక్కడివాళ్లకు తెలుసో లేదో కూడా గమనించండి. గ్లాసు నీళ్లలో పొట్లమంతా పోసి ఇచ్చే చోట్లు ఉన్నాయి, అది పిల్లలకు చేటు. ఎండలో ఆడిన పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలుతున్నా అది వడదెబ్బే అనుకుని వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి. ఎవరిని అడిగి చేయాలి అన్న మీమాంస అక్కడ ఉండకూడదు. చేరేముందే ఈ మాట వాళ్ల నోట వినండి.

ఒక పెద్ద మనిషి చేతికింద ఎంతమంది పిల్లలు ఉంటారన్నది తర్వాతి ప్రశ్న. అమెరికాలో శిబిరాలకు గుర్తింపు ఇచ్చే అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ దీనికి ఒక లెక్క పెట్టింది. రాత్రి కూడా ఉండే శిబిరంలో ఆరు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలు ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వాళ్లయితే ఎనిమిదిమందికి ఒకరు ఉండాలి. పగటి శిబిరాల్లో ఆ వయసులకే ఎనిమిదిమందికి ఒకరు, పదిమందికి ఒకరు. మన దగ్గర ఆ లెక్క దొరకడం కష్టమే, అయినా దాన్ని మనసులో పెట్టుకుని అడగండి. పదిహేను మందికి ఒకరంటే పగటిపూట ఎలాగో నెట్టుకురావచ్చు. ముప్ఫైమందిని ఒక్కరికి అప్పగించేచోట మీరు చేసేది కాపలా పని, అంతకన్నా ఏమీ నేర్చుకోలేరు. జవాబు చెప్పేటప్పుడు వంటవాళ్లనూ, డ్రైవర్‌నూ, గంట సేపు వచ్చిపోయే కరాటే మాస్టారినీ లెక్కలో కలుపుతున్నారేమో చూసుకోండి.

మీకు మనసున్న కళింగపట్నం శిబిరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పిల్లలతో రాత్రిళ్లు కూడా గడిపితే వచ్చే చనువు పగటి శిబిరంలో రాదు, ఆ మాట నిజం. కానీ ఇంటిమీద బెంగ మొదలయ్యేది కూడా అక్కడే. అది ఆటల మధ్యలో రాదు. భోజనం తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు, దీపాలు పెట్టే వేళ వస్తుంది. తొలిసారి ఇల్లు వదిలి వచ్చిన పాప సంచీ సర్దుకుని మంచం అంచున కూర్చుంటుంది. ఆ సమయంలో చాలామంది వాలంటీర్లు, 'ఏడవకు, రేపు మీ అమ్మను పిలిపిస్తాను' అంటారు. అలా అనకండి. ఆ మాట పట్టుకుని పాప తెల్లారే వరకు ఎదురుచూస్తుంది, ఇక దేనిలోనూ కలవదు. పక్కన కూర్చుని ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పనివ్వండి, అమ్మకు ఉత్తరం రాయించండి, వడ్డనలో ఒక చిన్న పని అప్పగించండి. ఇదంతా చేయడానికి మీకు తీరిక ఉండాలి. రాత్రి ఒక గదిలో ఎంతమంది పిల్లలు, వాళ్ల దగ్గర పడుకునేది ఎవరు, మీకు నిద్రపోయే వంతు ఉందా అని అందుకే అడగమంటున్నాను. మూడు రాత్రులు నిద్రలేని వాలంటీరు నాలుగో రోజు పిల్లలమీద కసురుకుంటుంది, అది ఆమె తప్పు కాదు.

అక్కడ సముద్రం ఒకటి ఉంది. కళింగపట్నం దగ్గరే వంశధార సముద్రంలో కలుస్తుంది. నదీముఖం దగ్గర ఇసుక, లోతు మారిపోతుంటాయి, లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనబడవు. పిల్లలను నీళ్లలోకి దించుతారా అని అడగండి. దించుతామంటే గజ ఈతగాళ్లు ఎవరు, తల లెక్క ఎవరు చూస్తారు, ఏ గుర్తు వరకు వెళ్లనిస్తారు అని అడగండి. 'మోకాళ్ల లోతే కదా' అన్న జవాబు వస్తే ఆ శిబిరాన్ని అక్కడితో వదిలేయండి. ఒడ్డున ఉండి లైట్‌హౌస్ చూపించి, తెల్లవారుజామున శాలిహుండం కొండెక్కించి బౌద్ధ స్తూపాలు చూపించి, ఎండ ముదిరేలోపు వెనక్కి తెచ్చేవాళ్లయితే వాళ్లు పిల్లల సంగతి తెలిసినవాళ్లే.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు మన జిల్లాల్లో ఉన్నట్టుండి మబ్బు పట్టి ఉరుములతో వాన పడుతుంది, పిడుగులు పడతాయి. సాయంత్రం ఆటలు పెట్టుకునే ప్రతి శిబిరానికీ ఇది ముఖ్యం. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ఆట ఆపి పక్కా భవనంలోకి వెళ్లాలి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాల వరకు బయటికి రాకూడదు. చెట్టు కింద, గోడలు లేని షెడ్డు కింద నిలబెట్టడం ఎంతమాత్రం తగదు. ఆట మధ్యలో ఆపే అధికారం మీకు ఉందా, లేక పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూడాలా అన్నది తేల్చుకోండి.

పిల్లల భద్రత గురించి ఒక్క మాట. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం ఉందా అని అడగండి. ఈ ప్రశ్నకు నొచ్చుకునే నిర్వాహకుల దగ్గర పనిచేయవద్దు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, వాలంటీరుకైనా అంతే. పిల్లల సహాయానికి 1098 ఉంది. ఆ నంబరు గోడమీద రాసి ఉంటే మంచి గుర్తు.

క్రీడా శిబిరాలు మీ జాబితాలో లేవు కానీ, చదివే మరొకరికి పనికొస్తుందని చెబుతున్నాను. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు ఊసవానిపేట శ్రీకాకుళం పక్కనే. విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వెయిట్ లిఫ్టర్లు వస్తూనే ఉన్నారు. ఇలాంటి నేలమీద క్రీడా శిబిరాలు గట్టిగా నడుస్తాయి, కానీ ఉదయం, సాయంత్రం మాత్రమే. అక్కడ కోచ్ మాటే చెల్లుతుంది. మీరు స్వయంగా ఆడినవారైతేనే చేరండి. అలాగే పాట వచ్చినవాళ్లకు విజయనగరంలో మంచి ఆదరణ ఉంటుంది. 1919లో సంగీత కళాశాల పుట్టిన ఊరు కదా, పిల్లలను పాటకు పంపడం అక్కడి ఇళ్లలో అలవాటు. ఇచ్ఛాపురం వైపు అయితే ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, సీతంపేట ఏజెన్సీ వైపు అయితే సవర మాట్లాడే పిల్లలు వస్తారు. వాళ్ల భాష తెలిసిన పెద్దవాళ్లు శిబిరంలో ఒక్కరైనా ఉండాలి. కడుపునొప్పి వచ్చిన పిల్లవాడు తనకు బాగా వచ్చిన భాషలోనే చెప్పుకుంటాడు.

డబ్బు విషయంలో సిగ్గుపడకండి. ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, భోజనం ఉందా, శ్రీకాకుళం నుంచి విజయనగరానికి బస్సు ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. రోజూ అంత దూరం ఎండలో పోయి రావడమే ఒక పని. ఛార్జీలు, అలసట తీసేస్తే ఆ పాఠశాల ఇచ్చే ఎక్కువ డబ్బులో ఎంత మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి.

ఇక మీ మూడింటిలో ఏది అంటే, ఇది మీకు మొదటి వేసవి కనుక గ్రంథాలయ శిబిరంలో చేరమంటాను. ఉదయంతో ముగిసిపోతుంది కాబట్టి ఎండ వేళకు పిల్లలు ఇళ్లకు చేరుకుంటారు. చేతిలో పుస్తకాలు ఉంటాయి, ఊరు మీదే. ఒక కథ చదివి వినిపించి, మధ్యలో ఆపి, తర్వాత ఏమవుతుందో పిల్లలతో చెప్పించడం వస్తే మీకు ఏ శిబిరంలోనైనా మధ్యాహ్నం గడపడం వచ్చినట్టే. కళింగపట్నం వాళ్లు పైన చెప్పిన ప్రశ్నలన్నిటికీ సరైన జవాబులు ఇచ్చి, మీతోపాటు అనుభవమున్న మరో మహిళ ఆ గదిలోనే పడుకుంటుందని మాట ఇస్తే, గ్రంథాలయం పని ముగిశాక అక్కడికీ వెళ్లవచ్చు. తేదీలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయేమో ముందే చూసుకుని, ఇద్దరికీ ఈ వారంలోనే చెప్పేయండి. వాళ్లు కూడా మనుషులను చూసుకోవాలి కదా.