తాపీ కంటే ముందు రసమట్టం

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. తాపీ మేస్త్రీగా ఉన్న మా బాబాయి దగ్గర చేరి ఆరు నెలలైనా, ఇటుకలు మోయడం, మాలు కలపడం తప్ప ఆయన వేరే పని చెప్పడం లేదు. పద్ధతిగా ఎక్కడ నేర్చుకోవాలి? అమ్మ మాత్రం పరంజా ఎక్కడానికి వీల్లేదంటోంది.
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మాలు కలపడాన్ని మీరు విద్య కింద జమ కట్టడం లేదు, నా లెక్కలో సగం విద్య అక్కడే ఉంది. ఇటుక గోడకు ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళ ఇసుక అని అందరూ చెబుతారు గానీ, నీళ్ళ దగ్గరకు వచ్చేసరికి ఎవరి అంచనా వారిదే. పైనున్న మేస్త్రీ ‘కొంచెం జారుగా’ అని కేక వేయగానే కింది కుర్రవాడు మరో చెంబు వంపేస్తాడు. స్లాబు విషయంలో ఈ అలవాటు మరీ చేటు. స్లాబులకు వాడే ఎం20 అనే బలం రకం కాంక్రీటును పాళ్ళ లెక్కన కలిపేటప్పుడు, తడి ఇసుకలో ఉన్న నీటితో సహా, 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లు మించరాదని భారతీయ ప్రమాణం చెబుతోంది. ఎక్కువైన నీరు ఆరిపోతూ లోపల సన్నని రంధ్రాలను వదిలిపోతుంది, బలం తగ్గేది అందుకే.

సాయంత్రం పని ముగిశాక ఒక్క పావుగంట గోడ నిటారును చూసే తూకం గుండు, అడ్డం మట్టాన్ని చూపే రసమట్టం, మూల కోణాన్ని సరిచూసే మూలమట్టం మీ చేతికిమ్మని బాబాయిని అడగండి. ఆయన కట్టిన గోడనే కొలిచి చూడండి, ఏమీ అనుకోరు. మూల నుంచి ఒక గోడ వెంట మూడడుగుల దగ్గర, రెండో గోడ వెంట నాలుగడుగుల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య టేపు పట్టండి; సరిగ్గా ఐదడుగులు వస్తేనే మూల కుదిరినట్టు. ఈ చూపు అలవడితే తాపీ తిప్పడం దానంతటదే వస్తుంది.

పద్ధతిగా నేర్చుకోవాలంటే, హైదరాబాద్‌లోని హైటెక్స్ ప్రదర్శనల ప్రాంగణం సమీపంలో 1998లో ఏర్పడిన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది; అందరూ న్యాక్ అనే పిలుస్తారు. కోర్సుల వ్యవధి, వసతి వివరాలను అక్కడికి వెళ్ళి కనుక్కోవడం మంచిది.

ఇక అమ్మగారి భయం న్యాయమైనదే, కానీ దానికి మందు ఎక్కకపోవడం కాదు. పరంజాను గోడకు బిగించి కట్టారా, పలకల మధ్య సందులున్నాయా, అంచున అడ్డకర్ర ఉందా అన్నవి చూసుకోకుండా కాలు పెట్టకండి. నడుముకు బెల్టు కట్టుకొని దాని కొక్కేన్ని గాలికి వదిలేసినవారిని నేను చాలామందిని చూశాను. అటువంటి బెల్టు అలంకారమే. భుజాలకు, తొడలకు కూడా పట్టీలున్న హార్నెస్ అడిగి తీసుకొని, దాని కొక్కేన్ని గట్టి ఆధారానికి తగిలించండి.

పైనుంచి పడటమొక్కటే ప్రమాదం కాదు. కొత్తలో నేను ఒక స్లాబు రోజున చెప్పులతోనే తడి కాంక్రీటులో దిగి, మంటేమీ లేదు కదా అని సాయంత్రం దాకా కాళ్ళు కడుక్కోలేదు. తడి సిమెంటు ఘాటైన క్షారం, మొదట్లో నొప్పి తెలియనివ్వదు. ఆ రాత్రికి చీలమండల చర్మం పొక్కిపోయి, పదిహేను రోజులు మంచం దిగలేదు. గమ్‌బూట్లు, చేతి తొడుగులు లేకుండా మాలు ముట్టకండి.

ఆరు నెలలు పని చేశారు కాబట్టి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోండి. గడచిన ఏడాదిలో 90 రోజులు పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసువారికి ఆ అర్హత ఉంటుంది.

ప్రశ్న: కూలీల అడ్డా మీద నిలబడితే సెల్లార్ తవ్వకం పనికి పిలుస్తున్నారు. కూలి ఎక్కువ ఇస్తామంటున్నారు. వానలు పడుతున్నాయి, వెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: గోతి లోతు ఐదడుగులు దాటి, పక్కలకు ఆసరా కట్టకపోతే, లేదా గోడలను ఏటవాలుగా తవ్వకపోతే, ఎంత కూలి ఇచ్చినా దిగవద్దు. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నరకు పైనే తూగుతుంది, నానితే ఇంకా ఎక్కువ. నడుము దాకా కూరుకున్న మనిషిని చేతులతో లాగలేరు. తవ్విన మట్టిని గట్టు అంచునే కుప్ప పోయడం, టిప్పర్‌ను అక్కడే ఆపడం కనిపిస్తే మేస్త్రీకి చెప్పండి. గట్టు మీద కొత్తగా నెర్రె కనబడితే మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా, అప్పటికే లోపలున్నవారిని పైకి పిలవండి.