పేరు వాళ్లనే చెప్పనివ్వు

బిడ్డా,

సోమవారం రేడియోథెరపీ (క్యాన్సర్‌కు రేడియేషన్ పెట్టే విభాగం) డ్యూటీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. మిషన్ నడపడం నీకు రెండు వారాల్లో చేతికొస్తుంది, దాని గురించి రాయను.

మన వరంగల్ వైపు పేర్లు నీకు తెలియనివా? సమ్మక్క మొక్కు వల్ల ఊరికి నలుగురు సమ్మయ్యలు. ఒకరోజు నేను పిలిస్తే బెంచీ మీంచి ఒకాయన లేచి వచ్చాడు. "సమ్మయ్యేనా?" అంటే తలూపాడు. పడుకోబెట్టి, తల కదలకుండా రోగి ముఖం కొలతకే చేసిన మాస్కు పెడితే గడ్డం దగ్గర పట్టట్లేదు. రోగి చిక్కిపోతే మాస్కు వదులవ్వాలి గానీ బిగుతవుతుందా? ఫైల్లో ఫోటో చూస్తే మనిషే వేరు. మా సమ్మయ్య బయట చాయ్ తాగుతున్నాడు! మాస్కు లేని కేసు అయితే బీమ్ ఆన్ చేసేసేవాణ్ణే. అందుకే పేరు నువ్వు అందించకు. "నీ పేరేంది, ఏ ఊరు, కరెంటు ఎక్కడ పెడుతున్నారు?" అని అడుగు (రేడియేషన్‌ను వాళ్లు కరెంటు అనే అంటారు). కుడో ఎడమో వాళ్ల చేత్తోనే చూపించమను.

బీమ్ ఎక్కడ పడాలో చూపేందుకు మనం ఒంటి మీద గీసే గీతలు చెరిగితే తిడతామని, మనవడి స్కెచ్ పెన్నుతో దిద్దుకొచ్చిన ముసలమ్మను చూశాను. గీత అరంగుళం పక్కకు జరిగింది. చెరిగితే చెప్పండి, ఏమీ అనం అని మొదటి రోజే చెప్పు.

డోసు లెక్కలు ఫిజిసిస్టువే అయినా కళ్లు నీవి. 1996లో కోస్టారికాలో మిషన్‌లో రేడియేషన్ ఇచ్చే కోబాల్ట్ సోర్సు మార్చాక 0.3 నిమిషాన్ని 30 సెకన్లు అనుకున్నారు. నిజానికి 18. 115 మందికి డోసు ఎక్కువ పడింది. టైము తేడాగా అనిపించినా, ఎవరి చర్మమైనా మరీ తొందరగా కమిలినా వెంటనే అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

పొద్దున్నే లోపలి రోగి కనబడే కెమెరా, వినబడే మైకు పనిచేస్తున్నాయో చూసుకో. 1986లో అమెరికాలోని టైలర్‌లో థెరాక్-25 అనే రేడియేషన్ మిషన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. అలాంటివి రోజూ చూసి అలవాటైన ఆపరేటర్ మళ్లీ నొక్కింది. లోపల మనిషి మొదటి దెబ్బ మంటతో లేవబోతున్నాడు. ఆ రోజు కెమెరా టీవీకి ప్లగ్గు పెట్టిలేదు, మైకు పాడైంది. రెండో దెబ్బ కూడా పడింది. కొన్ని నెలలకే ఆయన చనిపోయాడు. అర్థం కాని మెసేజ్ వస్తే చేయి తీసెయ్. బయట ఎంత క్యూ ఉన్నా సరే, టెన్షన్ పడకు.

మరో మాట, టీఎల్‌డీ బ్యాడ్జీ (మన ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచేది) హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చుకోకు. డ్యూటీ దిగగానే అక్కడే పెట్టి రా.

మీ పెద్దనాన్న