అమ్మ మాత్రలు దాచుకుంటోంది

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకిందని ఏడాదిన్నర క్రితం తెలిసింది. రెండు రకాల కీమోథెరపీ ఇచ్చారు. రెండూ కొంతకాలం పనిచేసి ఆగిపోయాయి. ఇప్పుడు మూడో రకం మందు వాడి చూడవచ్చని వైద్యులు అంటున్నారు. నాన్న లేరు. నేను ఉద్యోగం మానేసి అమ్మను చూసుకుంటున్నాను, తమ్ముడి జీతంతో ఇల్లు గడుస్తోంది. దాచుకున్న డబ్బంతా అయిపోయింది, అప్పులు కూడా చేశాం. ఈ మందు కొనాలంటే ఉంటున్న ఇల్లు అమ్మాలి. వద్దనుకుంటే డబ్బు కోసం అమ్మను వదిలేసినట్టవుతుందని భయంగా ఉంది. మొన్న పక్క దులుపుతుంటే దిండు కింద కాగితంలో చుట్టిన, నొప్పికి రాసిన మార్ఫిన్ మాత్రలు కనిపించాయి, అన్నీ సగం ముక్కలే. అడిగితే, "నొప్పి ఇంకా పెరిగినప్పుడు పనికొస్తాయిలే, మళ్లీ కొనక్కర్లేదు" అంది. నేనేం చేయాలి?

జవాబు: ముందు ఆ సగం ముక్కల సంగతి చూద్దాం. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది కొన్ని రోజులు ఆలోచించి తేల్చుకోవచ్చు గాని, ఇది మాత్రం ఈ రోజే చక్కబడాలి. మార్ఫిన్ మాత్రలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి త్వరగా పనిచేసి సుమారు 4 గంటలు నిలుస్తుంది. రెండోది నెమ్మదిగా కరుగుతూ 12 గంటల పాటు మందును కొద్దికొద్దిగా వదులుతుంది. ఈ రెండో రకాన్ని విరిచినా, నమిలినా, పొడి చేసినా అంతసేపటికి సరిపడే మందు ఒక్కసారిగా ఒంట్లోకి చేరి ప్రమాదం జరగవచ్చు. మీ దగ్గరున్నది ఏ రకమో వెంటనే మందు రాసిన వైద్యుణ్ణి గాని, మందుల దుకాణంలోని ఫార్మసిస్టును గాని అడగండి. ఆమె ఇన్నాళ్లుగా సగం మోతాదే వేసుకుంటోందన్న సంగతి కూడా వైద్యుడికి చెప్పండి. అది తెలియకపోతే, రాసిన మోతాదు చాలడం లేదనుకుని ఆయన మందు పెంచే అవకాశం ఉంది. వ్యాధి కాలేయంలో ఉంది కనుక కూడా మోతాదును ఆయనే నిర్ణయించాలి.

మాత్రలను తరువాతి రోజుల కోసం దాచుకోనవసరం లేదని అమ్మగారికి నెమ్మదిగా వివరించండి. ఇప్పుడు వాడితే రేపు పనిచేయదన్న భయం చాలామందిలో ఉంటుంది, కాని నొప్పి పెరిగితే వైద్యుడు మార్ఫిన్ మోతాదును అంచెలంచెలుగా పెంచగలడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మందులు వాడవలసిన పద్ధతిని ప్రకటించింది: వీలైనంతవరకు నోటి ద్వారా, నొప్పి వచ్చాక కాకుండా గడియారం ప్రకారం ఇవ్వాలి. మధ్యలో నొప్పి ఎగదన్నితే వేయడానికి అదనపు మోతాదును కూడా వైద్యుడు ముందే రాసిస్తాడు. మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి. మలబద్ధకం భరించలేక నొప్పి మందునే మానేసినవారిని నేను ఎందరినో చూశాను. ఒక చిన్న పుస్తకంలో మాత్ర వేసిన సమయం, అప్పటి నొప్పికి పదిలో ఎన్ని మార్కులు, గంట తరువాత ఎన్ని మార్కులు అన్నది రాసి పెట్టండి. ఆ ఒక్క పేజీ వైద్యుడికి ఎంతో ఉపయోగపడుతుంది.

ఇక ఇంటి విషయం. ఖర్చు గురించి ఆలోచించినందుకు మిమ్మల్ని మీరు దోషిగా చూసుకుంటున్నారు. కాని మీ ఉత్తరంలో నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగించినది ఒకటుంది. మీరూ తమ్ముడూ ఒక గదిలో లెక్కలు వేసుకుంటుంటే, మరో గదిలో మీ అమ్మగారు ఒంటరిగా తన లెక్క తాను వేసుకుని, తన నొప్పిలో సగాన్ని మీ కోసం ఓర్చుకోవడానికి సిద్ధపడ్డారు. ఆమెకు తెలియకుండా జరగాలని మీరు అనుకుంటున్న నిర్ణయంలో ఆమె ఇప్పటికే పాలుపంచుకుంటున్నారు. లండన్‌లో 1967లో, చివరి దశలో ఉన్న రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పైస్‌ను ప్రారంభించిన వైద్యురాలు సిసిలీ సాండర్స్, రోగి పడే బాధ శరీరానిది మాత్రమే కాదని, మనసుకు, కుటుంబానికి, విశ్వాసాలకు సంబంధించిన బాధలన్నీ అందులో కలిసే ఉంటాయని, వాటన్నిటినీ కలిపి చూడాలని చెప్పింది. మీ అమ్మగారి విషయంలో డబ్బు గురించిన దిగులు కూడా ఆ నొప్పిలో భాగమే.

కనుక వైద్యుడి దగ్గరికి వెళ్లేముందు ఆమెతో మాట్లాడండి. "జబ్బు గురించి నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?" అని మొదలుపెట్టండి, వద్దంటే బలవంతపెట్టకండి. తెలుసుకోవాలని ఉందంటే, ఇకపై తనకు ఏది ముఖ్యమో, దేనికి భయపడుతోందో అడగండి. ఆసుపత్రిలో ఎక్కువ రోజులు గడిపినా సరే ఇంకొంత కాలం కావాలనేవారు ఉంటారు, ఇంట్లో మీ పక్కనే నొప్పి లేకుండా ఉంటే చాలనేవారూ ఉంటారు. రెండూ సబబైన కోరికలే.

తరువాత వైద్యుణ్ణి సూటిగా అడగండి. "ఈ మందు పనిచేస్తుందా?" అన్న ప్రశ్న సరిపోదు, ఎందుకంటే పనిచేయడం అన్న మాటకు ఆయన మనసులో ఒక అర్థం, మీ మనసులో మరొక అర్థం ఉండవచ్చు. క్యాన్సర్ పరిశోధనల్లో మందుకు స్పందించడం అంటే సాధారణంగా స్కానింగ్‌లో కొలిచిన గడ్డల వ్యాసాల మొత్తం కనీసం 30 శాతం తగ్గడం. అంతమాత్రాన ఆయుష్షు పెరిగిందనీ కాదు, నొప్పి తగ్గిందనీ కాదు. అందుకే, అమ్మ లాంటి స్థితిలో ఉన్నవారికి ఈ మందు సాధారణంగా ఎన్ని వారాలు లేదా నెలలు ఆయుష్షు పెంచుతుంది, ఆ కాలంలో ఎన్ని రోజులు ఆసుపత్రిలో గడుస్తాయి, పనిచేయడం లేదని ఎప్పుడు తేల్చుకుని ఆపుతాం, అసలు ఈ మందు వద్దనుకుంటే ఆమె కోసం మీరు ఏమేమి చేస్తారు అని అడగండి. మీ ఆర్థిక పరిస్థితిని కూడా దాచకుండా చెప్పండి. అది చెబితే చిన్నచూపు చూస్తారని చాలామంది మొహమాటపడతారు, కాని అది తెలిస్తేనే వైద్యుడు అందుకు తగిన దారి వెతకగలడు.

మందు వద్దనుకుంటే ఏం చేస్తారన్న ఆ చివరి ప్రశ్నకు జవాబు ఉపశమన చికిత్స, అంటే నొప్పిని, ఇతర బాధలను తగ్గించడానికి చేసే చికిత్స. అది చేతులెత్తేయడం కాదు, కీమోథెరపీ సాగుతుండగా కూడా తీసుకోవచ్చు. అమెరికాలో 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగి 2010లో వెలువడిన అధ్యయనంలో, మొదటి నుంచి ఉపశమన చికిత్స కూడా అందినవారిలో కుంగుబాటు తక్కువగా ఉంది. చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తక్కువగా తీసుకున్నప్పటికీ వారు సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ కాలం జీవించారు. ఆ తరువాత జరిగిన అధ్యయనాల్లో కొన్నిటిలో ఆయుష్షు పెరగలేదు గాని, ఉన్న రోజులు మెరుగ్గా గడుస్తాయన్నది పదేపదే కనిపించింది. పైగా ఇందులో వాడేవి ఎక్కువగా పాత మందులు, మార్ఫిన్ లాంటివి; కొత్త క్యాన్సర్ మందుల ధరతో పోల్చవలసినవి కావు.

చేతిలో ఉన్న డబ్బు ఎటు పోతోందో కూడా ఒకసారి చూడండి. మందుల సంచి మొత్తం వైద్యుడి ముందు పెట్టి, వీటిలో ఇక అవసరం లేనివి ఏవి అని అడగండి. ఏడాదికి మించి జీవించరని భావించిన 381 మందిపై జరిగి 2015లో వెలువడిన అధ్యయనంలో, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఆపినవారికి హాని పెరిగినట్టు కనిపించలేదు, పైగా వారి జీవన నాణ్యత కొంత మెరుగ్గా ఉంది. అయితే ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపవద్దు. ఫలితం ఎలా వచ్చినా చికిత్స మారనప్పుడు రక్తపరీక్ష, స్కానింగ్ ఎందుకని అడగడం కూడా తప్పు కాదు. ఆసుపత్రిలో రోగులకు సహాయపడే సామాజిక కార్యకర్త (సోషల్ వర్కర్) ఉంటే ఈ వారమే కలవండి. సహాయ పథకాల దరఖాస్తులకు కాలం పడుతుంది. పూర్తిగా నయం చేస్తామని ముందే డబ్బు కట్టించుకునేవారి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మీ గురించి ఒక్క మాట. వారంలో కనీసం రెండు రాత్రులు తమ్ముడు గాని, దగ్గరి బంధువు గాని అమ్మ దగ్గర పడుకునే ఏర్పాటు చేసుకుని, ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో నిద్రపోండి.

ప్రశ్న: మా అత్తగారికి క్యాన్సర్ చివరి దశ. మూడు రోజులుగా ఏమీ తినడం లేదు, ఎక్కువసేపు నిద్రలోనే ఉంటున్నారు. ఇంటికి మనిషిని పిలిపించి సెలైన్ పెట్టించకపోతే ఆకలితో చంపినట్టేనని బంధువులు అంటున్నారు. రోజూ పెట్టించే స్తోమత మాకు లేదు.

జవాబు: ఈ దశలో తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదరడం వల్ల శరీరం ఆహారాన్ని తీసుకోలేకపోతోంది. ఆఖరి రోజుల్లో సాధారణంగా ఆకలి ఉండదు. సెలైన్ ఆకలి తీర్చదు. ఒంట్లో ఇముడని నీరు కాళ్లవాపుగా మారవచ్చు, ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం పెంచవచ్చు. మీ వైద్యుడు కూడా అవసరం లేదంటే, పెట్టించలేకపోయామని బాధపడకండి. ఆయన చేతనే ఆ మాట బంధువులకు ఫోనులో చెప్పించండి.

ఆమెను బాధించేది నోరు ఎండిపోవడం. మెలకువగా ఉండి మింగగలిగితే చెంచాతో ఒక్కో చుక్క ఇవ్వండి. మగతగా ఉంటే నోట్లో నీళ్లు పోయకుండా, శుభ్రమైన గుడ్డను వేలికి చుట్టి, తడిపి, గట్టిగా పిండి, పెదవులను, చిగుళ్లను, నాలుకను గంటకో రెండు గంటలకో మెల్లగా తుడవండి. తుడిచేముందు పేరో వరుసో పెట్టి పిలిచి, ఏం చేయబోతున్నారో చెప్పండి. చాలాసార్లు నిద్రలోనే పెదవులు ఆ తడిని అందుకోవడం మీకు కనిపిస్తుంది.