గాయపడ్డ జింక జాడను కుక్క మధ్యలో వదిలేస్తుంటే

వేటలో గాయపడ్డ జింకను వెతకడానికి తెచ్చిన కుక్క కొంత దూరం బాగానే వెళ్లి, తర్వాత ఒకేచోట గుండ్రంగా తిరుగుతోందని అడిగారు. కారణం చాలావరకు మీ బూట్లే. కుక్క రాకముందు మీరు ముగ్గురూ గంటసేపు వెతికామన్నారు కదా. బూట్లకు అంటిన రక్తం మీరు నడిచిన ప్రతిచోటా పడింది. ఇప్పుడు దానికి అన్ని వైపులా జాడే.

1. ఎవరూ తొక్కని చివరి రక్తపు చుక్క దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.

2. పది మీటర్ల తాడు కట్టండి. వెనకాల ఒక్కరే నడవాలి.

3. రక్తం కనిపించడం లేదని వెనక్కి లాగకండి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. కుక్క పసిగట్టేది రక్తాన్నే కాదు, జింక గిట్టల మధ్య గ్రంథి నేలపై వదిలే వాసనను కూడా. ముక్కు నేలకు ఆనించి, తాడు బిగువుగా లాగుతూ నిలకడగా పోతుంటే దాన్నే నమ్మండి.

రక్తంలో పచ్చటి, కంపుకొట్టే పదార్థం ఉంటే దెబ్బ పొట్టకు తగిలినట్టు. అప్పుడు 8 నుంచి 12 గంటలు ఆగండి. ముందే వెళితే పడుకున్న జింక లేచి ఇంకా దూరం పారిపోతుంది, దాని బాధా పెరుగుతుంది.

ఈసారి దెబ్బ తగిలినప్పుడు జింక నిలబడ్డ చోట రిబ్బను కట్టి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. వెతకడం కుక్కకు వదిలేయండి.