నారింజ రంగు దగ్గర కంగారు పడకండి

దసరా, ఆ వెంటనే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఈ రెండూ దగ్గరపడేసరికి జుట్టుకి బంగారు రంగు ఎలా తెచ్చుకోవాలని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. విజయనగరంలో పార్లర్ నడుపుతున్నదాన్ని కాబట్టి వద్దని చెప్పి పార్లర్‌కి రమ్మంటానేమో అనుకోవచ్చు మీరు. అలా అనను. ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే ఒక్క రాత్రిలో అవ్వదు, అంతే.

ప్రశ్న: మేడమ్, మాది రాజాం. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. జుట్టు నడుము దాకా ఉంది, రంగు ఎప్పుడూ వెయ్యలేదు కానీ అమ్మ నెలకోసారి గోరింటాకు పెడుతుంది. జుట్టంతా బంగారు రంగు చేసుకోవాలని ఉంది. పార్లర్లో చెప్పిన రేటు విని ఆన్‌లైన్లో కిట్ తెప్పించుకున్నాను. నేనే చేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ గోరింటాకు సంగతి తేల్చుకుందాం తల్లీ. అమ్మ పెరట్లో ఆకు కోసి రుబ్బి పెడుతోందా, కొట్లో ప్యాకెట్ తెచ్చి కలుపుతోందా? ఆకు అయితే ప్రమాదం లేదు, కానీ ఆ ఎరుపు అంత తేలిగ్గా వదలదు, నీ జుట్టు నారింజ రంగు దగ్గర చాలాకాలం ఆగిపోతుంది. ప్యాకెట్ అయితే, అందులోనూ నల్ల హెన్నా అని రాసి ఉంటే, చాలా జాగ్రత్తగా ఉండాలి. అలాంటి కొన్ని పొడుల్లో లోహపు లవణాలు కలుస్తాయి, బ్లీచ్‌లో ఉండే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటికి తగిలితే జుట్టు వేడెక్కిపోతుంది, ఒక్కోసారి పొగ కూడా వస్తుంది, ఆ జుట్టు చేతిలో పీచులా ఊడి వచ్చేస్తుంది. నీలి ఆకు పొడి కలిసినదైతే బ్లీచ్ చేశాక పచ్చగా తేలే అవకాశం ఉంది.

దీనికి పరీక్ష సులువే. మెడ దగ్గర లోపలి వైపు నుంచి పది పదిహేను వెంట్రుకలు కత్తిరించి దారంతో ముడెయ్యి. గాజు గిన్నెలో నీ కిట్‌లోని మిశ్రమం కొంచెం కలిపి అందులో ముంచి అరగంట పక్కనే కూర్చుని చూడు. గిన్నె వేడెక్కినా, బుడగలొచ్చినా, ఘాటైన వాసన వచ్చినా ఆ కిట్ పక్కన పెట్టెయ్. ఏమీ అవ్వకపోతే కడిగి ఆరబెట్టి రెండు చేతులతో లాగి చూడు. ఏ రంగు వచ్చిందో, జుట్టు ఎంత గట్టిగా ఉందో ఆ ముడి ముందే చెప్పేస్తుంది. దీనికి పట్టేది ఒక గంట. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్లలో ఈ గంట వదిలేసినవాళ్లే ఎక్కువ.

ఇక నడుము దాకా ఉన్న జుట్టు. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరో, కొంచెం ఎక్కువో పెరుగుతుంది. ఆ లెక్కన నీ నడుము దగ్గరున్న చివర్లు నువ్వు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మొలిచినవి. అయిదేళ్ల ఎండ, దువ్వెన, రబ్బరు బ్యాండు అన్నీ పడ్డ జుట్టది, కుదుళ్ల దగ్గరి జుట్టుతో సమానంగా అది బ్లీచ్‌కి తట్టుకోదు. పైగా అంత జుట్టుకి ఒక్కదానివే మందు పట్టించేసరికి మొదట పట్టించినచోట టైం అయిపోతుంది. అందుకే మొదటిసారి మొత్తం జుట్టు జోలికి పోవద్దు. ముఖానికి రెండు పక్కలా రెండు పాయలు, లేదంటే లోపలి వైపు నాలుగు పాయలు చాలు. నచ్చితే తర్వాత పెంచుకోవచ్చు.

కిట్‌లో డెవలపర్, అంటే పొడిలో కలిపే పెరాక్సైడ్ మందు, ఆ సీసా మీద అంకె చూడు. 10 వాల్యూమ్ అంటే 3 శాతం పెరాక్సైడ్, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12 శాతం. ఇంట్లో వాడుకోవడానికి 20 చాలు. 40 వస్తే త్వరగా అయిపోతుందనుకుంటారు గానీ దానితో త్వరగా అయ్యేది మాడు కాలడమే. 20 పెట్టి రెండు మూడు విడతలుగా చేసుకున్న జుట్టు నిలుస్తుంది.

మన నల్ల జుట్టు నేరుగా బంగారు రంగులోకి రాదు. వెంట్రుక లోపల నలుపునిచ్చే రంగు ఒకటి, ఎరుపు పసుపులనిచ్చేది ఇంకొకటి ఉంటాయి. బ్లీచ్‌కి నలుపు ముందు లొంగుతుంది, ఆ ఎరుపు చివరిదాకా పట్టుకుని ఉంటుంది. అందుకే నలుపు గోధుమ అవుతుంది, గోధుమ ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, తర్వాత పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలి వైపు ఉండే లేత పసుపు. ఆ లేత పసుపు దాకా వస్తేనే సినిమాల్లో చూసే బ్లాండ్. మొదటి విడతలో నువ్వు చేరేది దాదాపు ఖాయంగా నారింజ దగ్గరికి. అక్కడే అందరూ భయపడి ఆ రాత్రే ఇంకోసారి మందు పెడతారు. ఒకమ్మాయి అలా రాత్రి తొమ్మిదికి ఒకసారి, పన్నెండుకి ఇంకోసారి పెట్టుకుని పొద్దున్నే నా దగ్గరికి వచ్చింది, తడి జుట్టు దువ్వుతుంటే దువ్వెనతో పాటే వచ్చేసింది. చెవుల దాకా కత్తిరించాల్సి వచ్చింది. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ గుర్తుంది నాకు. నారింజ రంగు తప్పు జరిగిందని చెప్పే గుర్తు కాదు తల్లీ, దారిలో వచ్చే ఊరు. రెండో విడతకి తక్కువలో తక్కువ రెండు వారాలు ఆగు, నేనైతే నెల అంటాను.

ఇక చేసే రోజు. దానికి రెండు రోజుల ముందే కిట్‌లో చెప్పినట్టు చెవి వెనకో మోచేతి లోపలో కొంచెం రాసి చూసుకో, దురద, మంట, దద్దుర్లు వస్తే ఆపెయ్. ముందురోజు తలస్నానం చెయ్యొద్దు, మాడు మీద ఉన్న జిడ్డే నీకు కవచం. రాత్రి జుట్టు పొడవునా కొబ్బరినూనె పట్టించి పడుకో. ఉద్దానం కొబ్బరి పక్కనే పెట్టుకుని ఖరీదైన సీరమ్‌లు కొనక్కర్లేదు, కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తులు పోకుండా కొంత కాపాడుతుంది. మాడు మీద పుండ్లు, గోకిన గాట్లు, చుండ్రు పొక్కులు ఉంటే మానేదాకా ఆగాలి. స్మూతెనింగో స్ట్రెయిటెనింగో చేయించుకున్న జుట్టయితే అసలు ఇంట్లో వద్దు.

స్టీలు గిన్నె, స్టీలు చెంచా వద్దు. మన వంటింట్లో చెయ్యి పెడితే స్టీలే తగులుతుంది కాబట్టి ప్లాస్టిక్ గిన్నె, బ్రష్ ముందే తీసి పెట్టుకో. చేతికి గ్లవ్స్, నుదుటి అంచుకీ చెవులకీ వాజలైన్, పాత చొక్కా. కిటికీలు తెరువు. పొడి, డెవలపర్ ప్యాకెట్ మీద చెప్పిన పాళ్లలోనే కలుపు. మాడుకి అంగుళం దూరం వదిలి పాయ పొడవునా ముందు పట్టించు, కుదుళ్ల దగ్గర ఆఖరున. తల వేడికి అక్కడ మందు త్వరగా పనిచేస్తుంది కాబట్టి ముందే పెడితే పైన పసుపు, కింద నారింజ అయి రెండు రంగులుగా తేలుతుంది. మందు ఎండిపోతే పనిచెయ్యదు, ప్లాస్టిక్ కవరు కప్పు. అయిదేసి నిమిషాలకి కొంచెం తుడిచి చూసుకో. ప్యాకెట్ మీద రాసిన టైం దాటి ఒక్క నిమిషం కూడా వద్దు, డ్రయ్యరు వద్దు, ఎండలో కూర్చోవద్దు. కొంచెం చురచుర మామూలే, మంట పుడితే మాత్రం టైం చూడకుండా చన్నీళ్లతో కడిగెయ్. కంట్లో పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లు పోసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మిగిలిన మిశ్రమాన్ని డబ్బాలో పోసి మూత బిగించి దాచకు, లోపల గ్యాస్ పుట్టి డబ్బా పేలుతుంది, నీళ్లు ఎక్కువగా పోసి పారబొయ్యి.

తర్వాత నారింజ మీద నీలం టోనర్ (బ్లీచ్ చేశాక తేలిన రంగుని సరిచేసే మందు), పసుపు మీద ఊదా రంగు షాంపూ. ఒకదానికి ఒకటి విరుగుడు. నా మాట వింటే నారింజ దగ్గరే ఆగి నీలం టోనర్ వేసుకో, తేనె రంగులోకి వస్తుంది, మన చాయకి అది చాలా బాగుంటుంది, రెండో విడత అవసరమే పడకపోవచ్చు.

ప్రశ్న: అప్పా, మాది సోంపేట దగ్గర. మా గుంటడు ఇంటర్ చదువుతున్నాడు. పంచాయతీ వాళ్లు కాలువల్లో జల్లే బ్లీచింగ్ పౌడరు తెచ్చి, దీంతో కూడా జుట్టు తెల్లబడుతుందట, స్నేహితులు చెప్పారు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఈ పూటే ఆ పొట్లం వాడి చేతిలోంచి లాక్కోండమ్మా. పేరు ఒకటే గానీ వస్తువు వేరు. కాలువల్లో, నూతుల్లో వేసేది క్లోరిన్ పొడి, అది చర్మాన్నీ జుట్టునీ తినేస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. దానికి నిమ్మరసమో బాత్రూం కడిగే యాసిడో కలిపితే వచ్చే క్లోరిన్ గ్యాస్ ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. ముఖానికి రాసుకునే బ్లీచ్ క్రీము కూడా తలకి కాదు, అది సన్నటి నూగుకి సరిపోయేలా చేసింది. ఇప్పటికే తలకి పెట్టేసి ఉంటే చాలాసేపు నీళ్లు పోసి కడగండి, మంట తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి. తిట్టకండి, వాడికి రంగు మీద మోజు ఉంది, అంతే. సెలవుల్లో ఒక్క పాయ సరైన మందుతో మీరే దగ్గరుండి చెయ్యండి.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాను. పాపకి పాలిస్తున్నాను కూడా. కిటికీలు తెరిచి చేసుకుంటే పర్వాలేదా?

జవాబు: మీరు వద్దమ్మా. పాల సంగతి డాక్టర్‌ని అడిగి తెలుసుకోవచ్చు, అసలు అడ్డం ఆయాసమే. ఆ పొడిలో ఉండే పెర్‌సల్ఫేట్ దుమ్ము ఆయాసాన్ని రేపుతుంది, ఏళ్ల తరబడి దీంతో పనిచేసే పార్లర్ వాళ్లకే అది కొత్తగా అంటుకుంటూ ఉంటుంది, నేను మాస్క్ లేకుండా ఆ ప్యాకెట్ విప్పను. రంగు పాయల క్లిప్పులు దొరుకుతాయి, ఫంక్షన్‌కి పెట్టుకుని రాత్రికి తీసెయ్యొచ్చు.

ప్రశ్న: శ్రీకాకుళం కుర్రాణ్ణి. ఇంట్లోనే రెండుసార్లు బ్లీచ్ చేశాను. కుదుళ్లు పసుపు, కింద నారింజ. తడిగా ఉన్నప్పుడు లాగితే రబ్బరులా సాగుతోంది. పది రోజుల్లో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. నల్ల డై కొట్టేస్తే సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, రబ్బరులా సాగుతోందంటే వెంట్రుక లోపలి బలం పోయినట్టే. దాన్ని తిరిగి తెచ్చే మందు లేదు, కండిషనర్లు పైపైన పట్టి ఉంచుతాయి, అంతే. ఆ సాగే భాగం కత్తిరించేసుకో, కుర్రాడివి కదా, పొట్టిగా ఉంటే ఇంటర్వ్యూకి ఇంకా నీట్‌గా ఉంటుంది. మిగిలినదాని మీద నేరుగా కారు నలుపు కొట్టొద్దు. బ్లీచ్‌తో ఎరుపు పోయిన జుట్టు మీద నలుపు వేస్తే ఒక్కోసారి పచ్చటి బూడిద రంగులో తేలుతుంది. అమ్మోనియా లేని, కడిగేకొద్దీ వెలిసే ముదురు గోధుమ రంగు తీసుకో, పది రోజులు టైం ఉంది కాబట్టి చెవి వెనక రాసి 48 గంటలు చూసుకున్నాకే వాడు, నల్ల డైల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొంతమందికి పడదు. మీ ఇంట్లో బోరు నీళ్లయితే ఆఖరి చెంబు మాత్రం వేరే నీళ్లు పోసుకో, నీళ్లలో ఇనుము ఉంటే బ్లీచ్ చేసిన జుట్టు దాన్ని పీల్చుకుని ఇంకా ఎర్రబడుతుంది. టెన్షన్ పడకు.

ప్రశ్న: మేడమ్, వచ్చే వేసవిలో సింహాచలంలో తలనీలాలు ఇస్తానని మొక్కు ఉంది. ఈలోపు ఒక్కసారైనా బంగారు రంగు చేసుకోవాలని ఆశ. చేసుకుంటే తర్వాత మొలిచే జుట్టు పాడవుతుందా?

జవాబు: పాడవదు. బ్లీచ్ పనిచేసేది బయటికి వచ్చిన వెంట్రుక మీదే, మాడు కాలకుండా చూసుకున్నంతవరకు లోపలి కుదురుకి ఏమీ కాదు, గుండు తర్వాత మొలిచేది మీ సొంత నలుపే. మొక్కున్న జుట్టుకి రంగు వెయ్యొచ్చా అన్నది మాత్రం మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, అది నేను చెప్పే మాట కాదు. వాళ్లు సరేనంటే ఈ చలికాలంలోనే మొదలుపెట్టి నెలకో విడత చొప్పున చేసుకోండి. కొండెక్కే ముందు నెల రోజులు మాత్రం ఏ మందూ పెట్టకండి, మండిన మాడు మీద కత్తి పడితే ఆ బాధ చెప్పలేం.