సందేహాలు – సమాధానాలు: కరపత్రంలో ‘గుప్తవిద్య’, ధ్యానంలో ‘ఊపిరి’

సందేహం: మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం గంటసేపు ప్రసంగం, అరగంట ధ్యానం జరుగుతాయి. కరపత్రం రాసేది నేనే. ఈ నెల “ఆద్యాత్మక ప్రవచనం, ఆనపాన సతి, గుప్తవిద్యా రహస్యాలు – అందరూ ఆహ్వానితులే” అని వేయించాను. మొదటి మాటను ఒకరు ‘అధ్యాత్మిక’ అని దిద్దారు. ‘సతి’ ఇక్కడికెందుకు వచ్చిందని ఇంకొకరు అడిగారు. ‘గుప్తవిద్య’ అన్నది చూసి కొందరు రావడమే మానేశారు. వక్తగారు తరచూ అనే ‘ఎసోటెరిక్’కు తెలుగులో ఏం రాయాలి? ధ్యానం చేయించేవారి మాటల్లో దిద్దుకోవలసినవి ఉంటే అవీ చెప్పండి.

సమాధానం: మొదటి మాట మీరు రాసిందీ సరికాదు, ఆయన దిద్దిందీ సరికాదు. ‘ఆధ్యాత్మిక’ అన్నదే సరైన రూపం. అధి + ఆత్మ కలిస్తే యణాదేశం వల్ల ‘అధ్యాత్మ’ అవుతుంది. ‘అధి’లో ఉన్నది ఒత్తు ధకారం కాబట్టి ‘ద్యా’ రాదు. లోపల ఉన్నది ‘ఆత్మ’ కాబట్టి ‘త్మ’ పోదు. దానికి ‘ఇక’ ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. వేదం వైదికం, లోకం లౌకికం, నీతి నైతికం, సమాజం సామాజికం అయినట్టే అధ్యాత్మ ఆధ్యాత్మికం అయింది. ‘ఇక’ ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. అందుకే అన్నమయ్యవి ‘అధ్యాత్మ సంకీర్తనలు’, మునిపల్లె సుబ్రహ్మణ్య కవివి ‘అధ్యాత్మ రామాయణ కీర్తనలు’. వాటిని ‘ఆధ్యాత్మ’ అని రాసినా తప్పే, మీ కరపత్రంలో ‘అధ్యాత్మిక’ అని రాసినా తప్పే.

ఈ మాటకు మనం మరిచిపోయిన అర్థం ఒకటుంది. శాస్త్రం చెప్పే మూడు తాపాలు ఆధ్యాత్మికం, ఆధిభౌతికం, ఆధిదైవికం. పాము కరిస్తే ఆధిభౌతికం, పిడుగు పడితే ఆధిదైవికం. మరి జ్వరం వస్తే? అది ఆధ్యాత్మిక తాపం. అక్కడ ‘ఆత్మ’ అంటే తాను, తన దేహమూ మనసూ. తనలోంచి పుట్టిన బాధ కాబట్టి ఆ పేరు. ఈ మూడూ కలిసినదే తాపత్రయం. ఇప్పుడు ‘వాడిదంతా పిల్లల కోసం తాపత్రయం’ అంటున్నాం. మీ వక్తగారు తాపత్రయ నివృత్తి గురించి చెప్పబోతే ముందుగా ఈ అర్థం విప్పి చెప్పాలి. లేకపోతే వినేవారు పిల్లల మీద ఆరాటం మానుకోమంటున్నారనే అనుకుంటారు.

‘స్పృహ’ది ఇంతకంటే ప్రమాదకరమైన మార్పు. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. తెలుగులో మెలకువ, తెలివి. గీత రెండో అధ్యాయంలో శాంతి పొందేవాణ్ణి ‘నిఃస్పృహః’ అన్నారు, అంటే కోరికలు లేనివాడని. మన ‘నిరాశా నిస్పృహలు’ వేరు. వేదిక మీద ‘నిస్పృహతో జీవించాలి’ అంటే శ్లోకానికి సరిపోవచ్చు గాని ఎదురుగా కూర్చున్న తెలుగువాడికి సరిగ్గా వ్యతిరేకార్థం చేరుతుంది. ‘కోరిక లేకుండా’ అంటే చాలు.

‘ఆనపాన’ కాదు, ‘ఆనాపాన’. ఆన + అపాన, సవర్ణదీర్ఘం. ఇది బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలోని మాట. బుద్ధుడి బోధల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 118వ సుత్తం (సూత్రం) దీని గురించే. అందులో శ్వాసను గమనించే పద్ధతిని నాలుగేసి చొప్పున 16 అంచెలుగా చెప్పారు. ‘సతి’ సంస్కృత ‘స్మృతి’కి పాళీ రూపం. సతీపతుల సతితో దీనికి చుట్టరికం లేదు. విడదీసి ‘ఆనపాన సతి’ అని అచ్చువేస్తే చదివేవారికి ఆ సతే గుర్తుకొస్తుంది. కలిపి ‘ఆనాపానసతి’ అని రాసి, పక్కనే ‘శ్వాస మీద ధ్యాస’ అని వేయండి. ధ్యాన శిబిరాల్లో ఇప్పటికే నలిగిన మాట అది, వివరణ అక్కర్లేదు. కొందరు సతికి ‘ఎరుక’ అని రాస్తున్నారు. అందమైన తెలుగు మాటే. అయితే మీ సభకు అచల సంప్రదాయపు గురువుల శిష్యులు వస్తుంటే ఒక జాగ్రత్త కావాలి. వారి పరిపూర్ణబోధలో ఎరుక విడిచిపెట్టవలసింది, సత్యమైనది బయలు. ‘ఎరుకలో నిలవండి’ అంటే వారికి తలకిందులుగా వినిపిస్తుంది.

‘ధ్యానం చేయడం’, ‘ధ్యానించడం’ రెండూ ఒప్పే. ‘ధ్యానించు’ వ్యాకరణంలోని కర్మను (ఎవరిని, దేనిని అన్నదాన్ని) కోరుతుంది: శివుణ్ణి ధ్యానించారు, గురువును ధ్యానించారు. పూజ మొదట్లో ‘ధ్యాయామి’ అన్నప్పుడు చేసేది కూడా ఒక రూపాన్ని మనసులో నిలుపుకోవడమే. రూపం లేకుండా ఊరకే కూర్చుని చేసేదానికి ‘ధ్యానం చేయండి’, ‘ధ్యానంలో కూర్చోండి’ అన్నవి బాగా నప్పుతాయి. టైపులో ధ్యానం కాస్తా ‘ధాన్యం’ కావడం తరచూ కనిపించే పొరపాటు. అచ్చుకు పంపేముందు ఆ ఒక్క మాటనూ వెతికి చూసుకోండి.

ధ్యానం చేయించేటప్పుడు వాడే మాటల సంగతి. ఇక్కడ ‘కొను’ ప్రాణంతో సమానం. ‘ఊపిరి తీయండి’ అనకూడదు, ‘ఊపిరి తీసుకోండి’ అనాలి. ఊపిరి తీయడం అంటే చంపడం. అలాగే ‘కళ్ళు మూయండి’ కాదు, ‘కళ్ళు మూసుకోండి’. కన్ను మూయడం వేరే సంగతి. చేసే పని ఎవరికి వారు తమ కోసం చేసుకునేదైతే క్రియకు ‘కొను’ చేరుతుంది. దాన్నే ఆత్మార్థకం అంటారు. ధ్యానంలో పనులన్నీ అలాంటివే: కూర్చోండి, సర్దుకోండి, చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ‘పీల్చండి’కి ఈ ఇబ్బంది లేదు. వదిలేటప్పుడు ఒట్టి ‘ఊపిరి వదలండి’ అనే బదులు ‘ఊపిరి మెల్లగా బయటికి వదలండి’ అంటే తుదిశ్వాస గుర్తుకు రాదు. ఉచ్ఛ్వాస, నిశ్వాస అన్న మాటలు ఆ అరగంటా పక్కన పెట్టండి. ఏది లోపలికి, ఏది బయటికి అని ఆలోచించడంలోనే సగం మందికి ఊపిరి లయ తప్పుతుంది. రాతలో మాత్రం ఉత్ + శ్వాస = ఉచ్ఛ్వాస, కింద ఛ ఒత్తు తప్పనిసరి.

ఇక ‘ఎసోటెరిక్’. ఆ గ్రీకు మాటకు మూలార్థం ‘లోపలిది’. 1875లో న్యూయార్కులో పుట్టి, తర్వాత అడయారులో స్థిరపడిన దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) 1888లో ఈ పేరుతోనే ఒక లోపలి శాఖను ఏర్పరచింది. అది మాట ఇచ్చి చేరిన సభ్యులకే గాని అందరికీ కాదు. మన దగ్గర దీనికి సరితూగే మాట పతంజలి యోగసూత్రాల్లోనే ఉంది. ధారణ, ధ్యానం, సమాధి అనే మూడింటినీ ఆయన యోగంలో ముందరి అయిదు అంగాలతో (యమం నుంచి ప్రత్యాహారం దాకా) పోల్చి ‘అంతరంగం’ అన్నాడు. ఉపదేశం పొందినవారు మాత్రమే కూర్చునే సమావేశమైతే ‘అంతరంగ గోష్ఠి’ అనండి. ‘బహిరంగ సభ’ అనే మాట ప్రతి ఊళ్ళో వినబడేదే కాబట్టి దానికి ఎదురు మాట ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

‘గుప్తవిద్య’కు జనం ఎందుకు జడిశారో ఊహించడం కష్టం కాదు. ‘గుప్’ ధాతువుకు కాపాడటమని అర్థం. గుప్తం అంటే కాపాడినది, దాచినది. కాని తెలుగు పత్రికల్లో ఆ మాట ‘గుప్తనిధుల’ తవ్వకాలతో, క్షుద్రపూజలతో కలిసి కనిపిస్తుంది. పైగా ‘గుప్తవిద్యా రహస్యాలు’ అంటే దాచిన వాటిని మళ్ళీ దాచినట్టు, పునరుక్తి. ‘గుహ్యం’ గొప్ప మాటే. గీతలో తొమ్మిదో అధ్యాయం ‘రాజవిద్యా రాజగుహ్యం’ అంటుంది, లలితా సహస్రంలో అమ్మవారు ‘గుహ్యరూపిణీ’. గూఢం, గుహ, గుహ్యం మూడూ ఒకే ధాతువు బిడ్డలు. అయితే వాడుకలో గుహ్యం శరీరభాగానికి కూడా పేరు. సమాసంలో ‘గుహ్యవిద్య’ అని పుస్తకంలో రాసుకోవచ్చు, కరపత్రం మీద విడిగా వేయవద్దు. ‘మార్మికం’ కవిత్వానికి బాగుంటుంది. ‘రహస్యం’ శ్రీవైష్ణవుల్లో నిలదొక్కుకున్న పారిభాషిక పదం: తిరుమంత్రం, ద్వయం, చరమశ్లోకం కలిసి రహస్యత్రయం. అక్కడ ఆ మాటకు పాత్రత, ఆచార్య ముఖం, ఉపదేశం అన్నీ తోడుంటాయి. ఆ తోడు లేనిచోట రహస్యం అంటే పొరుగింటి కబురే.

నా అభ్యంతరం అసలు ఇక్కడే. ‘రహస్యాలు’ అంటూనే ‘అందరూ ఆహ్వానితులే’ అన్నారు. అందరినీ పిలిచి చెప్పేది రహస్యం కాదు. మీ వక్తగారు చేస్తున్నది తెలిసిన కథలోంచి తెలియని భావం బయటికి తీయడం. పౌరాణికులు దానికి ఎప్పుడో పేరు పెట్టారు: అంతరార్థం (అంతర + అర్థం, ఇదీ సవర్ణదీర్ఘమే). ‘గజేంద్రమోక్షం – అంతరార్థం’ అని వేసి చూడండి. వచ్చేవారికి ఏం వినబోతున్నారో తెలుస్తుంది, భయమూ ఉండదు. మరీ తెలుగుదనం కావాలంటే ‘లోగుట్టు’ ఉంది గాని, ‘లోగుట్టు పెరుమాళ్ళకెరుక’ సామెత వల్ల దానికి దాపరికపు వాసన అంటింది.

ప్రవచనమా, ప్రసంగమా అన్నది సులువు. తైత్తిరీయ ఉపనిషత్తులో ‘స్వాధ్యాయ ప్రవచనే చ’ అన్నప్పుడు చదువుకున్నదాన్ని చెప్పడం ప్రవచనం. ముందు ఒక గ్రంథం ఉండి, దాన్ని వరుసగా విప్పుతుంటే ఆ మాట వాడండి. గ్రంథం లేక ఒక విషయం మీద మాట్లాడితే ప్రసంగం లేదా ఉపన్యాసం. నలుగురూ కలిసి మాట్లాడుకుంటే సత్సంగం. పుస్తకం ఏదీ పట్టుకోకుండా వారానికో విషయం చెబితే మీది ‘ఆధ్యాత్మిక ప్రసంగం’. ప్రవచనం చెప్పేవారిని ‘ప్రవక్త’ అని మాత్రం వేయకండి. వ్యుత్పత్తి సరిపోయినా ఆ మాట ఇప్పుడు దైవసందేశం తెచ్చినవారిదే. ‘ప్రవచనకర్త’ అనండి.