డంకన్ కెన్నర్: ఆష్‌లాండ్ పేరు, బానిసత్వ రద్దు ప్రతిపాదన

మీ వ్యాసంలో చిక్కుపడిన విషయాలు రెండండి: తోట పేరు ఆష్‌లాండ్ కాబట్టి అమెరికాలోని లూసియానా రాష్ట్రపు చెరకు భూస్వామి డంకన్ కెన్నర్‌ను కెంటకీ నాయకుడు హెన్రీ క్లేకు బంధువనవచ్చా, బానిసత్వ రద్దు ప్రతిపాదనతో యూరప్ వెళ్లాడు కాబట్టి సంస్కర్త అనవచ్చా అన్నవి.

బంధుత్వం రాయకండి. క్లే మీది అభిమానంతో ఆయన ఎస్టేటు పేరునే కెన్నర్ తన తోటకు పెట్టుకున్నాడు. నాలుగు వైపులా కలిపి 28 భారీ చతురస్రపు స్తంభాలున్న ఆ భవనానికి తరువాతి యజమాని బెల్ హెలీన్ అని పేరు మార్చాడు కనుక, వెతికేటప్పుడు రెండు పేర్లూ చూడండి.

సంస్కర్త అన్న మాట మాత్రం తప్పకుండా తీసేయండి. వందలాది బానిసల శ్రమతో పంచదార తీయించి, అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల (కాన్ఫెడరేట్) కాంగ్రెస్‌లో సభ్యుడైన ఈయన, బ్రిటన్, ఫ్రాన్సుల గుర్తింపు లేనిదే దక్షిణాది నిలవదని గ్రహించి, ఆ గుర్తింపుకు బదులుగా బానిసత్వాన్ని రద్దు చేస్తామని బేరం పెట్టమని వాదించాడు. 1865 ఆరంభంలో దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ రహస్య దూతగా పంపగా, మారువేషంలో శత్రుపక్షపు నగరమైన న్యూయార్క్ చేరి, (సాహసమే మరి!) అక్కడే ఓడ ఎక్కాడు. బ్రిటన్ ఒప్పుకోలేదు, బ్రిటన్ కదలనిదే ఫ్రాన్స్ కదలనంది, ఇంతలో దక్షిణాది ఓడిపోయింది.

యుద్ధం తరువాత క్షమాభిక్ష పొంది, మళ్లీ పంచదార వ్యాపారంలో నిలదొక్కుకొని, 1877లో లూసియానా చెరకు భూస్వాముల సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. 1882లో అమెరికా సుంకాల కమిషన్‌లో సభ్యుడుగా పనిచేసి, 1887లో మరణించాడు.